తొమ్మిదో సెక్షన్ పట్టుకున్న ప్లీడరు

టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరెత్తగానే తెలుగువాడి కళ్ళముందు నిలిచే బొమ్మ ఒక్కటే. 1928 ఫిబ్రవరి 3, మద్రాసు. సైమన్ కమిషన్ మీద హర్తాళ్. కాల్పుల్లో చనిపోయిన మనిషిని చూడడానికి పోతున్న ఆయన్ని తుపాకులు అడ్డగిస్తే, చొక్కా విప్పి రొమ్ము చూపించారు. ఊరూరా ఆయన విగ్రహాలు నిలబెట్టించింది ఆ క్షణమే. అందులో అబద్ధం లేదు, అతిశయోక్తీ లేదు. అయితే ఆ ఒక్క క్షణం వెలుగులో ఆయన చేసిన పని కనబడకుండా పోయింది. దాదాపు పాతికేళ్ళ పాటు కోర్టుల్లో నలిగి, పదును తేలి, తర్వాత శాసనసభకు చేరిన పనితనం అది. నా లెక్కలో ప్రకాశం గారి గొప్పతనానికి అసలు సాక్ష్యం ఆ రొమ్ము కాదు, 1938లో ఆయన అధ్యక్షతన వచ్చిన జమీందారీ విచారణ కమిటీ రిపోర్టు. ధైర్యవంతులు మనకు చాలామందే ఉన్నారు. రైతు తరఫున నూట ముప్పై ఏళ్ళ చట్టాన్ని తిరగేసి, ఆ చట్టం చేతనే సాక్ష్యం పలికించిన ప్లీడర్లు ఎందరున్నారు?

ఆయన ఎక్కడినుంచి వచ్చారో ముందు రెండు ముక్కలు. 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. పదకొండేళ్ళకే తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోల్లో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని సాకారు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు ఈ కుర్రవాణ్ణి చేరదీసి రాజమండ్రి తీసుకువెళ్ళి చదివించాడు. నాటకాల పిచ్చి ఉన్న ఆ మాస్టారి సావాసంలో ఆడవేషాలు కట్టి, రంగస్థలం మీద గొంతు ఎలా ఎత్తాలో ఎక్కడ దించాలో చిన్నప్పుడే నేర్చుకున్నారు. కోర్టు హాల్లో ఆ విద్య ఎంత అక్కరకొస్తుందో ప్లీడర్లకు చెప్పక్కర్లేదు.

మద్రాసులో చదివి సెకండ్ గ్రేడ్ ప్లీడరయ్యారు. ఆ మాట ఇప్పటి పాఠకులకు కొత్తగా ఉండవచ్చు. ఆ రోజుల్లో న్యాయవాద వృత్తికీ మెట్లుండేవి. సెకండ్ గ్రేడ్ ప్లీడరు కింది కోర్టుల్లో వాదించాలి. హైకోర్టు వకీళ్ళది. అందరికన్నా పైమెట్టు బారిస్టర్లది. రాజమండ్రిలో ప్రకాశం గారి ప్రాక్టీసు జోరుగా సాగింది. సివిలూ క్రిమినలూ రెండూ చూసేవారు. ముప్పై దాటీ దాటకముందే పురపాలక సంఘం చైర్మన్ కూడా అయ్యారు. అయినా తాను కట్టిన కేసు పై కోర్టుకు పోయేసరికి వేరొకరి చేతిలో పెట్టాల్సిందే. తన కాగితాలు, తన సాక్షులు, తన క్రాసు, చివరి మాట మాత్రం ఇంకొకరిది. పని తెలిసినవాడికి ఇంతకన్నా కడుపుమంట ఉండదు. బారిస్టరయితే ఆ అడ్డు ఉండదని ఎవరో చెప్పిన మాట ఆయన మనసులో నాటుకుపోయింది. 1904లో ఇంగ్లండు వెళ్ళారు. మాంసం, మద్యం ముట్టనని తల్లికి మాటిచ్చి వెళ్ళిన ఆ మనిషి చదువు ముగించుకుని, అక్కడ ఉన్నన్నాళ్ళూ దాదాభాయి నౌరోజీ ఎన్నికకు పనిచేసి, బారిస్టరుగా తిరిగొచ్చారు.

రాజమండ్రిలోని ఆ కింది కోర్టు ఏళ్ళను నేను చాలా గట్టిగా లెక్కలోకి తీసుకుంటాను. లండన్‌లోనే చదువు మొదలుపెట్టి నేరుగా హైకోర్టులో కాలుపెట్టిన బారిస్టర్‌కు న్యాయసూత్రాలు తెలుస్తాయి. మునసబు కోర్టులో నలిగిన ప్లీడర్‌కు ఆ సూత్రాలు ఎవరి మెడ మీద పడతాయో తెలుస్తుంది. పట్టా ఏమిటి, ముచ్చిలికా ఏమిటి, కరణం దగ్గర లెక్క ఏ రూపంలో ఉంటుంది, రైతు వేలిముద్ర వేసిన కాగితంలో అతనికి తెలియకుండా ఏం రాస్తారు అన్నవి లండన్‌లో బారిస్టర్లను తయారుచేసే ఇన్స్ ఆఫ్ కోర్టులో చెప్పే పాఠాలు కావు. ఈ రెండు చదువులూ కలిసిన మనిషి ప్రకాశం గారు.

మద్రాసు హైకోర్టులో అప్పట్లో బాగా సంపాదించేవాళ్ళు చాలావరకు దొరలు, లేకపోతే తమిళులు. అక్కడ తెలుగు బారిస్టరు నిలదొక్కుకోవడమే ఒక సంగతి. ప్రకాశం గారు నిలదొక్కుకోవడమే కాదు, ముందు వరసకు చేరారు. లా టైమ్స్ అనే న్యాయపత్రికకు సంపాదకత్వం వహించారు. తీర్పుల మీద వ్యాఖ్యానించే ఆ పని మనిషికి ఒక అలవాటు నేర్పుతుంది. తీర్పు ఏం చెప్పిందో దానితో ఆగకుండా, ఏ కాగితం మీద నిలబడి చెప్పిందో చూడడం. 1911లో తిరునల్వేలి కలెక్టరు ఆష్‌ను మణియాచ్చి రైల్వే స్టేషన్లో వాంచినాథన్ కాల్చి చంపాక నడిచిన కుట్ర కేసులో ముద్దాయిల తరఫున నిలబడ్డ వకీళ్ళలో ఆయనొకరు. ప్రభుత్వం కక్ష కట్టిన కేసు అది. అందులో వకాల్తా తీసుకోవడానికే గుండె కావాలి. తన కక్షిదారుకు తక్కువ శిక్షతో బయటపడే దారి చూపించగలిగారు. ఆ ముందు 1907లో బిపిన్ చంద్ర పాల్ మద్రాసులో మాట్లాడితే, పేరున్నవాళ్ళు సభకు అధ్యక్షత వహించడానికి జంకిన చోట ఈయన కుర్చీలో కూర్చున్నారు. ఇన్ని చేస్తూనే ఆర్జన కూడా బ్రహ్మాండంగా ఉండేది.

1921లో ఆ ప్రాక్టీసంతా వదిలేశారు. గాంధీజీ పిలుపు మీద కోర్టు మెట్లు దిగి, స్వరాజ్య పత్రిక పెట్టి, సంపాదించిందంతా అందులో పోశారు. ఇంగ్లీషు, తెలుగు, తమిళం మూడింట్లో నడిచిన ఆ పత్రిక చివరికి ఆయన్ని బీదవాణ్ణి చేసి ఆగిపోయింది. 1921 చివరనే అహ్మదాబాద్ కాంగ్రెస్‌లో ప్రధాన కార్యదర్శి. తర్వాత కేంద్ర శాసనసభ, ఉప్పు సత్యాగ్రహం, జైళ్ళు. ఈ కథ తెలిసిందే గనక దాటేస్తున్నాను.

1937 జూలైలో మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో రెవిన్యూ శాఖ ఆయన చేతికొచ్చింది. అప్పటికి ఆయనకు అరవై ఐదేళ్ళు కావస్తున్నాయి. అప్పుడు జమీందారీ రైతుల సంగతి నిప్పుమీద ఉంది. 1930ల మొదట్లో ధాన్యం ధరలు కూలిపోయాయి. ధర పలికిన రోజుల్లో నగదు కింద ఖరారు చేసిన శిస్తు మాత్రం అలాగే నిలబడింది. రైతు అమ్ముకునేది సగం ధరకు, కట్టాల్సింది నిండు రూపాయల్లో. కట్టలేకపోతే జప్తు. అడవిలో పుల్లరి, చెరువులకు మరమ్మతు లేకపోవడం, వెట్టి, ఇవన్నీ దాని మీద. ఎన్.జి. రంగా గారి నాయకత్వంలో రైతులు యాత్రలు చేస్తున్నారు. జస్టిస్ పార్టీ నాయకుడు బొబ్బిలి రాజాగారు 1937 ఎన్నికల్లో తన సొంత బొబ్బిలిలో వి.వి. గిరి గారి చేతిలో ఓడిపోయారు. ఊళ్ళలో గాలి ఎటు వీస్తున్నదో అంతకన్నా చెప్పనక్కర్లేదు.

ఇలాంటప్పుడు రాజకీయ నాయకుడు ఏం చేస్తాడు? శిస్తులో రూపాయికి ఇన్ని అణాలు తగ్గిస్తున్నామని ప్రకటించి చప్పట్లు కొట్టించుకుంటాడు. ప్రకాశం గారు అలా చేయలేదు. ఉభయ సభల సభ్యులతో కమిటీ వేసి, దానికి తానే అధ్యక్షుడై, 1908 నాటి ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం కింద రైతుల స్థితి మీద విచారణకు దిగారు. జిల్లాల వారీగా రైతులు, జమీందారులు, వాళ్ళ వకీళ్ళు ఇచ్చిన వాంగ్మూలాలు సంపుటాలకు సంపుటాలు అచ్చయ్యాయి. మంత్రి కుర్చీలో కూర్చుని ఆయన నడిపింది నిజానికి ఒక దావా. కక్షిదారు జమీందారీ రైతు. ప్రతివాది సర్కారుకు పేష్కష్ అనే స్థిరమైన సొమ్ము కట్టి రైతు దగ్గర ఎంతైనా గుంజుకోవచ్చనుకున్న వ్యవస్థ.

ఇక్కడ కాస్త ఆగి ఆ వాదన చట్రాన్ని చూడాలి. ఆయన పనితనమంతా అందులోనే ఉంది.

జమీందారుల పక్షానికి ఒకే ఒక్క బలమైన ఆయుధం ఉంది. 1802లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం చేసిన ఇరవై ఐదో రెగ్యులేషన్, అంటే శాశ్వత శిస్తు పరిష్కారం. భూమి మీద యాజమాన్య హక్కు జమీందారుకు సంక్రమిస్తున్నదని అందులో ఉంది. సర్కారుకు జమీందారు కట్టాల్సిన పేష్కష్ ఎప్పటికీ మారదు. రైతు దగ్గర జమీందారు వసూలు చేసే శిస్తుకు అలాంటి హద్దేదీ ఆ రెగ్యులేషన్లో పైకి కనబడదు. కనక భూమి జమీందారుది, రైతు అతని దయ మీద దున్నుకునేవాడు, శిస్తు ఇద్దరి మధ్య బేరం. వందేళ్ళకు పైగా ఈ వాదం కోర్టుల్లో చాలాసార్లు నెగ్గింది.

గట్టు తగాదాలో అనుభవమున్న ప్లీడరు సాక్షులు చెప్పే మాటల జోలికి పోడు, మూల దస్తావేజు తెమ్మంటాడు. ప్రకాశం గారు చేసిందీ అదే. ఇరవై ఐదో రెగ్యులేషన్‌ను ఒంటరిగా చదవొద్దన్నారు. అదే ఏడు, అదే ప్రభుత్వం, అదే పథకంలో భాగంగా చేసిన ముప్పయ్యో రెగ్యులేషన్‌ను దాని పక్కన పెట్టారు. దాన్ని పట్టా రెగ్యులేషన్ అంటారు. జమీందారు రైతుకు పట్టా ఇచ్చి తీరాలి, ఏ పేరుతోనూ కొత్త పన్ను వేయకూడదు అని అందులో ఉంది. దాని తొమ్మిదో సెక్షన్ ఇంకా ముఖ్యం. శిస్తు రేటు మీద తగాదా వస్తే, శాశ్వత పేష్కష్ నిర్ణయించిన ఏడాదికి ముందటి ఏడు ఆ సాగుభూముల్లో నడిచిన రేటే ప్రమాణం. ఆ రేటు తేలకపోతే అలాంటి భూములకే స్థిరపడ్డ రేటు చూడాలి.

ఈ ఒక్క సెక్షన్‌తో వాదం తలకిందులవుతుంది. భూమి నిజంగా జమీందారుదైతే, రైతు ఇచ్చేది బేరం సొమ్మైతే, ప్రభుత్వం పాత రేటును ప్రమాణంగా ఎందుకు పెడుతుంది? సొంతదారు తన ఆస్తిని ఎంతకు అద్దెకివ్వాలో చట్టం పాత ఏటి లెక్క చూసి చెబుతుందా? చెప్పదు. అంటే 1802లో జమీందారుకు దఖలు పడ్డది నేల కాదు, నేల మీద సర్కారుకు రావలసిన భాగాన్ని వసూలు చేసే హక్కు. పేష్కష్ ఎలా శాశ్వతమో రైతు శిస్తు కూడా అలాగే శాశ్వతం. ఆ రెండూ ఒకే కట్టుబాటుకు రెండు కొసలు. ఒక కొస సర్కారు నిలబెట్టుకుంది, రెండో కొస జమీందారు తెంపేశాడు. ఈ పాయింటు తెలిశాక మళ్ళీ ఇరవై ఐదో రెగ్యులేషన్ చదివితే దాని రంగే మారిపోతుంది.

వాదన ఇక్కడితో ఆగలేదు. 1822లో, మన్రో గవర్నరుగా ఉండగా వచ్చిన నాలుగో రెగ్యులేషన్ ఒక సందేహం తీర్చింది. 1802 రెగ్యులేషన్లు రైతులకున్న నిజ హక్కుల్ని తగ్గించడానికీ రద్దు చేయడానికీ ఉద్దేశించినవి కావని ప్రభుత్వమే చెప్పింది. తర్వాత 1865 అద్దె వసూలు చట్టం ఈ హామీని ఎలా పలచన చేసిందో, 1897లో మద్రాసు హైకోర్టులో న్యాయమూర్తి సుబ్రహ్మణ్య అయ్యరు గారు ఒక కృష్ణాతీరపు కేసులో రైతు హక్కు జమీందారు దయాభిక్ష కాదని ఎలా తేల్చారో, 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం ఆ తీర్పును ఒప్పుకుని రైతుకు నిలకడ హక్కు ఇస్తూనే నడుస్తున్న శిస్తే న్యాయమైనదని ఊహించి ఎలా గుంట తవ్విందో, ఒక్కొక్క మెట్టుగా దిగితే చట్టం చరిత్ర అంతా రైతు చేతిలోంచి జారిపోయిన హామీ కథగా కనిపిస్తుంది.

నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది ఆ వాదన మర్యాద. రైతుకు కొత్త వరమేదీ అడగలేదు. విప్లవం పేరెత్తలేదు. కంపెనీ దొరలు తమ ముద్రవేసి ఇచ్చిన మాటను చూపించి, ఇది నిలబెట్టండి అన్నారు. బ్రిటిషువాడికి తన సొంత రెగ్యులేషన్ మీద గౌరవం ఉందని ఆయనకు తెలుసు. పాత రెగ్యులేషన్‌ను అబద్ధమని తోసేయడం సులువు. దాన్నే నిలబెట్టి రైతు పక్షాన పలికించడం కష్టం. రెండోది చేసినవాడే నిజమైన వకీలు.

రిపోర్టు చివరికి చెప్పిందేమిటంటే, రైతుదే భూమి, జమీందారు వసూలుదారు, శిస్తు పరిష్కారానికి ముందటి ఏటి స్థాయికి తిరిగిపోవాలి. జమీందారీ పక్షం సభ్యులు భిన్నాభిప్రాయం రాశారు. 1939లో శాసనసభ చర్చించి రిపోర్టును ఆమోదించింది. అదే ఏడు అక్టోబరులో యుద్ధం కారణంగా కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. చట్టం రాలేదు.

ఈ రిపోర్టును మెచ్చుకుంటూనే దీని బలహీనత కూడా చెప్పాలి. 1801 నాటి రేటు ఎక్కడ దొరుకుతుంది? చాలా ఊళ్ళకు ఆ లెక్కలు లేవు. ఉన్నచోట శిస్తు ధాన్యంలో భాగంగా ఉండేది గనక, దాన్ని ఏ ధర మీద నగదు చేయాలన్న తగాదా మళ్ళీ మొదటికొస్తుంది. తొమ్మిదో సెక్షన్‌లోనే అలాంటి భూముల రేటు అనే రెండో దారి ఉన్నా, అది కూడా ఊరూరా తవ్వకమే. నూట ముప్పై ఏళ్ళలో ఆ హక్కుల్ని కొనుక్కున్నవాళ్ళున్నారు. వాళ్ళ వాదన కొట్టిపారేసేది కాదు. కోర్టులో గెలిచే వాదన తహసీల్దారు చేతిలోకొచ్చేసరికి బరువెక్కుతుంది. ఇది ప్రకాశం గారికి తెలియదనుకోను. ముందు హక్కు తేలాలి, లెక్క తర్వాత చూసుకోవచ్చు అన్నది ఆయన తీరు.

చరిత్ర వేరే దారి పట్టింది. 1947 శిస్తు తగ్గింపు చట్టం జమీందారీ గ్రామాల రేట్లను పక్కన ఉన్న రైతువారీ గ్రామాల, అంటే రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే గ్రామాల, స్థాయికి దించింది. 1948లో ఇరవై ఆరో చట్టం ఎస్టేట్లనే రద్దు చేసి రైతులకు రైతువారీ పట్టా ఇప్పించింది. దాన్ని సభలో నడిపించింది కళా వెంకటరావు గారు. జమీందారులకు నష్టపరిహారం ఏటి మూల మొత్తం మీద పన్నెండున్నర రెట్ల నుంచి ముప్పై రెట్ల దాకా ఇచ్చారు. భూమి వాళ్ళది కానప్పుడు ఈ పరిహారం దేనికని ప్రకాశం రిపోర్టు చదివినవాడు అడగక మానడు. అయినా పదేళ్ళ ముందు ఆ రిపోర్టు భూమి ఎవరిదన్న ప్రశ్నను బల్లమీద పెట్టకపోతే, 1948లో శాసనసభ రద్దు మాట అంత ధీమాగా ఎత్తగలిగేదా? నాకు సందేహమే.

మిగిలిన రాజకీయ జీవితం ఒడిదుడుకులే. 1946 ఏప్రిల్ 30న మద్రాసు ప్రధాని (ముఖ్యమంత్రిని అప్పట్లో అలా అనేవారు) అయ్యారు. ఏడాది తిరగకుండా 1947 మార్చిలో దిగిపోయారు. ఫిర్కా అభివృద్ధి పథకం, ఖద్దరు కోసం మిల్లు కదుళ్ళ విస్తరణను ఆపేయడం ఆ పదకొండు నెలల పనులు. రెండోది చాలామందికి నచ్చలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టినప్పుడు ఎనభై ఒక్కేళ్ళ వయసులో మొదటి ముఖ్యమంత్రి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, బెజవాడ దగ్గర దెబ్బతిన్న కృష్ణా ఆనకట్టకు మారుగా కొత్త బ్యారేజీ పని ఆ కొద్దికాలంలోనివే. 1954 నవంబరులో మద్యనిషేధం మీద వచ్చిన అవిశ్వాసంలో ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది.

ఆయన రెండు ప్రభుత్వాలు పోవడానికి ఒక కారణం ఆయనలోని వకీలే అని నా నమ్మకం. వకీలు తన కేసును నమ్మి, దానికోసం ప్రాణం పెడతాడు. సగం ఇచ్చి సగం తీసుకోవడం అతనికి ఓటమిలా కనిపిస్తుంది. శాసనసభలో మెజారిటీ నిలవాలంటే ఆ సగం ఇవ్వడమే పని. రాజాజీ కూడా న్యాయవాదే, అయినా ఆయనకు ఆ విద్య తెలుసు. ప్రకాశం గారికి రాలేదు, రావాలని ఆయన కోరుకోలేదు కూడా. మంత్రిగా ఆయన్ని కొలిచేటప్పుడు అధికారంలో ఉన్న నెలల లెక్క తీస్తే తక్కువే తేలుతుంది. పేదరైతు పక్షాన ఆయన కట్టిన దావాను లెక్కలోకి తీసుకుంటే తక్కెడ ఎటు మొగ్గుతుందో ఎవరికైనా తెలుస్తుంది.

1957 మే 20న హైదరాబాదులో కన్నుమూశారు. ఒంగోలు జిల్లాకు 1972లో ఆయన పేరు పెట్టారు. ఆయన రాసుకున్న నా జీవిత యాత్ర తెలుగులో అందరికీ అందుబాటులో ఉంది, నాలుగో భాగం రాసింది తెన్నేటి విశ్వనాథం గారు. జమీందారీ కమిటీ రిపోర్టునూ, అందులోని సాక్ష్యాల సంపుటాలనూ మాత్రం ఇవాళ తెలుగు చదువరులు చూడడం తక్కువ. మన లా కాలేజీల్లో పిల్లలకు పాత కేసులు బట్టీ పట్టించే మేస్టార్లకు నా విన్నపం ఒక్కటే. ఒక్క వారం ఆ రిపోర్టు తెప్పించి, 1802 నాటి ఇరవై ఐదో రెగ్యులేషన్‌ను, ముప్పయ్యో రెగ్యులేషన్‌ను పక్కపక్కన పెట్టి, తొమ్మిదో సెక్షన్ దాకా పిల్లల చేత చదివించండి.